వాల్వు గిటార్ యాంప్ కట్టడానికి ఏ పాత సామాను విప్పాలి?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు చర్చిల్లోనూ ఆర్కెస్ట్రాల్లోనూ గిటార్ వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాల్వు యాంప్ అంటే ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కి పనిచేసే గాజు బుడ్లతో (వాల్వులతో) శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్. దాని శబ్దం ఒకసారి చెవిన పడ్డాక అది కావాలనిపిస్తుంది. కొత్తది కొనాలంటే పదుల వేలు. అప్పుడు చూపు పాత సామాన్ల మీదికి వెళ్తుంది. అటక మీద తాతగారి రేడియో, ఎప్పుడో మూసేసిన మైక్ సెట్ షాపులో దుమ్ము పట్టిన యాంప్లిఫయర్, పాత ఇనప సామాన్ల కొట్టులో సినిమా ప్రొజెక్టర్ పెట్టె. మూడింటిలోనూ వాల్వులు ఉండొచ్చు. మరి దేన్ని తెచ్చుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. వాల్వుల కోసం కొనకండి, ట్రాన్స్‌ఫార్మర్ల కోసం కొనండి. వాల్వు పోతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆ సామాను కొన్నందుకు మిగిలేది రేకు డబ్బానే.

ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు ప్రాణం. గిటార్ తీగలు జాక్ పిన్ను మీదుగా నేరుగా యాంప్ ఛాసిస్‌కి (లోపలి రేకు చట్రానికి) కలిసి ఉంటాయి. ఛాసిస్‌లో కరెంటు ఉందంటే అది మీ వేళ్ల కింద ఉన్నట్టే. పాడుతూ వాయించేవాళ్లకి ఇంకా ప్రమాదం. చేతిలో తీగలు, పెదవులకి ఆనుకుని మిక్సర్ గుండా ఎర్త్ అయిన మైకు, ఆ రెండింటి మధ్య గుండె. కాబట్టి సామాను లోపల పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, అది కరెంటు లైనుకీ ఛాసిస్‌కీ పూర్తిగా సంబంధం తెంచుతోందా అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు ‘లేదు’ అయితే మిగతా ప్రశ్నల దాకా పోనక్కర్లేదు.

తర్వాత ఇనుము. అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే వైపు చుట్ట) తీగ వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. తేమ తగిలితే పచ్చటి చిలుము పట్టి తెగిపోతుంది. మన దగ్గర నవంబరు, డిసెంబరు వానలకి తోడు ఉప్పుగాలి కూడా ఉంది. కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ముప్ఫై నలభై ఏళ్లు పడున్న సెట్టు కంటే ఉదయగిరి, కనిగిరి, పామూరు లాంటి పొడి ఊళ్లలో ఉన్న సెట్టు బాగుండే అవకాశం ఎక్కువ. ఒకే మోడల్ రెండు చోట్ల దొరికితే నేను మెట్ట ప్రాంతానిదే తీసుకుంటాను, పైన చెక్క కాస్త పాడైనా సరే.

వాల్వు రకం మూడోది. ఇసిసి83, ఇఎల్84, ఇఎల్34, 6వి6, 6ఎల్6 ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఇసిసి83నే అమెరికా పేరుతో 12ఏఎక్స్7 అంటారు. ఇఎల్41, ఇసిఎచ్42 లాంటి పాత రకాలకి మాత్రం ఎక్కడో ఎవరి డ్రాయర్లోనో మిగిలిపోయినవే గతి. యాంప్ పదేళ్లు వాడాలనుకుంటే ఇది చిన్న విషయం కాదు.

ఇక మోత. దీని గురించే అందరికీ తప్పు అంచనా ఉంటుంది. 5 వాట్ల యాంప్ కంటే 35 వాట్ల యాంప్ ఏడు రెట్లు మోగుతుందనుకుంటారు. అలా ఉండదు. చెవికి రెండింతలు వినపడాలంటే వాట్లు దాదాపు పది రెట్లు కావాలి. ఏడు రెట్ల వాట్లకి చెవికి తెలిసే తేడా రెండింతల లోపే. 5 వాట్ల వాల్వు యాంప్‌ని పూర్తిగా తిప్పితే ఇంట్లో మాట్లాడుకోలేరు. డ్రమ్స్ పక్కన నిలబడి మైకు లేకుండా వాయించాలంటే మాత్రం 15 వాట్లయినా ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వాల్వు రేడియో

మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జిఇసి, ఎకో. ఏ పేరైనా సరే, ఏసీ కరెంటు మీద మాత్రమే నడిచే టేబుల్ రేడియో అయితే ఎక్కువమందికి ఇదే సరైన దారి. లోపల సాధారణంగా కనిపించే వరుస ఇసిఎచ్81, ఇఎఫ్89, ఇఎబిసి80 లేదా ఇబిసి81, ఇఎల్84, ఇజెడ్80. చాలా సెట్లలో బెంగళూరు బిఇఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు ఉంటాయి, మంచివే. స్టేషన్లు పట్టే భాగం మనకి అక్కర్లేదు. స్పీకర్‌ని నడిపే ఇఎల్84, దాని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఛాసిస్ ఉంచుకుంటే చాలు.

ఈ రేడియోలో నాకు బాగా నచ్చేది లెక్క కుదరడం. తీసేసే ఇసిఎచ్81 హీటర్‌కి (వాల్వుని లోపల వేడెక్కించే తీగకి) 0.3 ఆంపియర్, ఇఎఫ్89కి 0.2 ఆంపియర్ పోతుంది. కొత్తగా పెట్టే ఇసిసి83కి కావాల్సింది 0.3 ఆంపియరే. అంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది, చల్లగా నడుస్తుంది. పైగా ఇసిఎచ్81 కూర్చున్న తొమ్మిది కాళ్ల సాకెట్లోనే ఇసిసి83 కూర్చుంటుంది. కొత్త రంధ్రం కొట్టే పని లేదు, కింద వైర్లు మార్చుకోవాలి. ఇసిసి83లో 4, 5 కాళ్లు కలిపి ఒక వైపు, 9వ కాలు రెండో వైపు ఇస్తే 6.3 వోల్టులకి వెలుగుతుంది.

‘ఇఎబిసి80లో ఎలాగూ ఒక ట్రయోడ్ (సిగ్నల్‌ని పెంచే భాగం) ఉంది కదా, దాన్నే వాడుకుంటే పోలేదా’ అని అడుగుతారు. వాడొచ్చు, కానీ శబ్దం శుభ్రంగానే ఉండిపోతుంది. ఇఎల్84ని పూర్తి శక్తికి తేవాలంటే దాని గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికి వెళ్లే చోటికి) 4.3 వోల్టులు అందాలి. గిటార్ పికప్ నుంచి మామూలుగా వచ్చేది వంద మిల్లీ వోల్టుల చుట్టూ. ఆ ట్రయోడ్ దాన్ని నలభై యాభై రెట్లు పెంచుతుంది. సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగుతుంది. వాల్వు యాంప్ కోసం మనం పడే తాపత్రయమంతా ఆ అంచు దాటాక వచ్చే గరగర కోసమే కదా. ఇసిసి83లోని రెండు ట్రయోడ్‌లు ఒకదాని తర్వాత ఒకటి పెడితే అది దండిగా వస్తుంది. చర్చిలో పాటల వెనక శుభ్రమైన కార్డులు మాత్రమే వాయించేవాళ్లకి ఉన్న ట్రయోడ్ చాలు.

ఇబ్బందులు లేకపోలేదు. స్టేషన్ వాల్వులు తీసేశాక కరెంటు లాగేది తగ్గి లోపలి డీసీ వోల్టేజీ పెరుగుతుంది. ఇఎల్84 ప్లేటు (పెరిగిన సిగ్నల్ బయటికొచ్చే భాగం) మీద 300 వోల్టులు దాటకూడదు. కొలిచి చూసి, ఎక్కువుంటే సరఫరా లైన్లో రెసిస్టర్ వేసి దించాలి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కాబట్టి అడుగు శబ్దం కాస్త పలచగా ఉంటుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కనుక పెద్ద నష్టం లేదు. బేస్ గిటార్‌కి మాత్రం ఇది పనికిరాదు.

ఒక మనవి. రేడియో ఇంకా పాడుతూ ఉంటే, చెక్క పెట్టె బాగుంటే దయచేసి విప్పకండి. అలాంటి సెట్టుని బాగుచేయించి ఉంచుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకి అమ్మితే వచ్చే డబ్బుతో పెట్టె విరిగిన సెట్టు ఇంకోటి వస్తుంది. డయల్ అద్దం పగిలి, బ్యాండు స్విచ్చి అరిగి, చెక్క చెదలు తిన్న సెట్టే మనకి కావాల్సింది. ఇనుముకి చెదలు పట్టవు.

ఏసీ/డీసీ రేడియో

వద్దు. యుసిఎచ్81, యుఎల్84, యువై85 అని ‘యు’తో మొదలయ్యే వాల్వులు వరుసగా కలిపి ఉంటే అందులో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు లైన్లో ఒక వైరు ఛాసిస్‌కే వస్తుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఫేజు. విడిగా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (లైనుని విడదీసేది) పెట్టి వాడొచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు. సాంకేతికంగా అది నిజమే. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదుకి ఇంకో ఏసీ రేడియో వస్తుంది. రేపు మీ తమ్ముడో, చర్చిలో ఇంకో కుర్రాడో తెలియక అది తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెడితే ఎవరు బాధ్యులు? స్పీకర్, నాబ్‌లు, సాకెట్లు తీసుకుని మిగతాది వదిలేయండి.

‘ఇ’తో మొదలయ్యే వాల్వులు ఉన్నాయని గుడ్డిగా నమ్మకండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ (ఒకే చుట్టతో చేసింది) పెట్టిన సెట్లు కొన్ని ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ కళ్లకి కనిపిస్తుంది గానీ ఛాసిస్ లైనుకే కలిసి ఉంటుంది. మీటరుతో చూస్తేనే తెలుస్తుంది, ఎలాగో కింద చెప్తాను.

మైక్ సెట్ యాంప్లిఫయర్

పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైకు కట్టిన వాల్వు యాంప్లిఫయర్లు ఇప్పుడు అరుదు. దొరికితే మాత్రం ఇనుము బంగారం. ఇఎల్34 గానీ 6ఎల్6 గానీ జంటగా ఉంటాయి, 30 వాట్ల పైన ఇస్తాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 4, 8, 16 ఓమ్‌ల కొసలు, హారన్ల కోసం 100 వోల్టుల లైను విడిగా ఉంటాయి. గిటార్ స్పీకర్‌ని 8 ఓమ్‌లకి తగిలిస్తే సరి. మైకు ఇన్‌పుట్ చాలా సెట్లలో హై ఇంపిడెన్స్, గిటార్‌కి దాదాపు అలాగే సరిపోతుంది. అంటే ఇది ఇప్పటికే యాంప్లిఫయర్. మీరు చేయాల్సింది పాత కండెన్సర్లు మార్చడం, టోన్ కంట్రోల్‌ని గిటార్‌కి తగ్గట్టు దిద్దడం.

అయినా మొదటిసారి కట్టేవాళ్ల చేతిలో దీన్ని పెట్టను. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, పెద్ద కండెన్సర్లు స్విచ్చి కట్టేశాక కూడా ఆ వోల్టేజీని పట్టుకుని ఉంటాయి. ఒక్క వాల్వు యాంప్‌లో పొరపాటు చేస్తే రెసిస్టర్ కాలుతుంది, ఇందులో పొరపాటుకి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన సెట్లు కారు బ్యాటరీ మీద, లోపల వైబ్రేటర్‌తో (బ్యాటరీ డీసీని తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇచ్చే పరికరంతో) నడిచేవి. వాటి ట్రాన్స్‌ఫార్మర్ 6 లేదా 12 వోల్టులకి చుట్టింది, 230 మీద పెట్టలేరు. ఇక పైన చూడటానికి ఎంత పాతగా ఉన్నా లోపల ట్రాన్సిస్టర్లు ఉన్న సెట్లే ఎక్కువ. మూత తీయకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఇంకో సంగతి. ‘పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కదా, ఒక్క ఇఎల్84తో చిన్న యాంప్ కట్టుకుంటాను’ అంటే కుదరదు. జంట వాల్వుల ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపుల కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి ఇనుములో ఖాళీ వదలరు. ఒక్క వాల్వు కరెంటు ఎప్పుడూ ఒకే వైపు పారుతుంది, ఖాళీ లేకపోతే ఇనుము నిండిపోయి శబ్దం నలిగిపోతుంది. ఏ ఇనుము ఏ పనికి చుట్టారో ఆ పనికే వాడాలి.

16 ఎం.ఎం. ప్రొజెక్టర్

ఊళ్లలో తెర కట్టి సినిమా చూపించిన 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లలో శబ్దం కోసం చక్కటి వాల్వు యాంప్లిఫయర్ ఉండేది. మామూలుగా 6వి6 లేదా 6ఎల్6 జంట, 10 నుంచి 15 వాట్ల దాకా. అమెరికాలో ఇలాంటివాటిని గిటార్ యాంప్‌లుగా మార్చుకునేవాళ్లు చాలామంది. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. మోత సరిగ్గా సరిపోయినంత, 6వి6 కొత్తవి దొరుకుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు దృఢంగా ఉంటాయి, కొన్నిటికి స్పీకర్ కూడా పెట్టెతోనే వస్తుంది.

కష్టం వైరింగ్‌లో ఉంది. ఫొటోసెల్ (ఫిల్ము మీది శబ్దపు చారని చదివేది) వైర్లు, దానికి వెలుగిచ్చే చిన్న బల్బు సరఫరా, మోటారు స్విచ్చి అన్నీ ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి. సర్క్యూట్ బొమ్మ లేకుండా విప్పితే ఏ వైరు ఎందుకో తేలదు. చాలావరకు 110 వోల్టులవి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. స్టెప్‌డౌన్ చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మరే, అది లైనుని విడదీయదు. కాబట్టి ప్రొజెక్టర్ లోపల సొంత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో తప్పకుండా చూడాలి. రేడియోలు నాలుగైదు బాగుచేసిన చేతికి ఇది మంచి పని. నడుస్తున్న ప్రొజెక్టర్ అయితే రేడియో విషయంలో చేసిన మనవే దీనికీ.

టేప్ రికార్డర్, రికార్డ్ ప్లేయర్

వాల్వు స్పూల్ టేప్ రికార్డర్లలో ఇసిఎల్82, ఇసిఎల్86 లేదా ఇఎల్84 ఉంటుంది, రెండు మూడు వాట్లు వస్తాయి. పడగ్గదిలో వాయించుకోవడానికి బాగుంటుంది. రికార్డ్ ప్లేయర్ల విషయంలో జాగ్రత్త. చౌక రకాల్లో హీటర్ కరెంటుని మోటారు చుట్టలోంచే లాగేవారు, ఛాసిస్ లైనుకి కలిసి ఉండేది. ఏసీ/డీసీ రేడియోకి చెప్పిందే వీటికీ.

ట్రాన్స్‌ఫార్మర్లు కొత్తవి, మిగతావి పాతవి

ఇది చాలామందికి తట్టని దారి. రొయ్యల చెరువుల ఏరేటర్ల పుణ్యమా అని మన తీరం వెంట మోటార్ వైండింగ్ షాపులకి కొదవ లేదు. స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లు నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ఉన్నారు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వాళ్లకి పెద్ద పనేం కాదు. ‘ప్రైమరీ 230, సెకండరీ 250-0-250 వోల్టులు 100 మిల్లీ ఆంపియర్లు, ఇంకో సెకండరీ 6.3 వోల్టులు 3 ఆంపియర్లు, చుట్టల మధ్య ఇన్సులేషన్ కాగితం దండిగా వేసి వార్నిష్‌లో ముంచి వేడికి ఆరబెట్టాలి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్తే 6.3 కాస్తా 6 అవుతుంది.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే కథ. ప్రైమరీ, సెకండరీ పొరలు పొరలుగా మార్చి మార్చి చుట్టాలి. ఒక్క వాల్వుకైతే ‘ఇ’ రేకులన్నీ ఒక వైపు, ‘ఐ’ రేకులన్నీ ఒక వైపు పెట్టి మధ్యలో పలచటి కాగితం ఇరికించాలి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లా రేకులు అటొకటి ఇటొకటి అల్లితే పని చెడిపోతుంది. ఓపికగా వినే మేస్త్రి దొరికితే చుట్టించుకోండి. లేదా పినాకిని ఎక్సుప్రెస్సెక్కి చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో వాకబు చేయండి.

ఖర్చు అన్నిటికంటే దీనికే ఎక్కువ. కానీ తేమ తిన్న పాత చుట్ట ఎప్పుడు తెగుతుందో అన్న టెన్షన్ ఉండదు. ప్రతి ఆదివారం మోయాల్సిన యాంప్ అయితే నేను ఈ దారే ఎంచుకుంటాను.

పక్కపక్కన పెట్టి చూస్తే

| సామాను | లైను నుంచి విడిగా ఉంటుందా | శక్తి | వాల్వులు మళ్లీ దొరకడం | పని | ఎవరికి |
|---|---|---|---|---|---|
| ఏసీ రేడియో, ఇఎల్84 | ఉంటుంది, కొలిచి చూడాలి | 4–5 వాట్లు | సులువు | తేలిక నుంచి మధ్యస్థం | మొదటిసారి కట్టేవాళ్లకి |
| పాత ఏసీ రేడియో, ఇఎల్41 | ఉంటుంది, కొలిచి చూడాలి | 3–4 వాట్లు | కష్టం | మధ్యస్థం | వాల్వులు ఇప్పటికే చేతిలో ఉంటేనే |
| ఏసీ/డీసీ రేడియో | ఉండదు | – | – | – | ఎవరికీ వద్దు |
| మైక్ సెట్ | ఏసీ రకమైతే ఉంటుంది | 30 వాట్ల పైన | సులువు, ఖరీదు ఎక్కువ | మధ్యస్థం, ప్రమాదం ఎక్కువ | అనుభవం ఉన్న ఆర్కెస్ట్రా వాళ్లకి |
| ప్రొజెక్టర్ | మోడల్‌ని బట్టి | 10–15 వాట్లు | సులువు | కష్టం | చేయి తిరిగినవాళ్లకి |
| టేప్ రికార్డర్ | చాలావరకు ఉంటుంది | 2–3 వాట్లు | రకాన్ని బట్టి | మధ్యస్థం | ఇంట్లో సాధనకి |
| కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు | ఉంటుంది | మీ ఇష్టం | మీ ఇష్టం | మధ్యస్థం | ప్రతివారం వాడేవాళ్లకి |

చర్చి గిటారిస్టులు చాలామంది మైక్ సెట్ వైపే మొగ్గుతారు, హాలు పెద్దది కదా అని. నేను వాళ్లతో రేడియో యాంపే కట్టుకోమంటాను. హాల్లో ఎలాగూ మిక్సర్, స్పీకర్లు ఉన్నాయి. 5 వాట్ల యాంప్ ముందు ఒక మైకు పెట్టి మిక్సర్‌కి ఇస్తే సరిపోతుంది. చిన్న యాంప్‌ని సగం పైన తిప్పినప్పుడే వాల్వు గుణం బయటికి వస్తుంది. 35 వాట్ల యాంప్‌ని హాల్లో అంత తిప్పనివ్వరు, కాబట్టి అది ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ఆరుబయట స్టేజీల మీద, డ్రమ్స్, కీబోర్డుల మధ్య వాయించే ఆర్కెస్ట్రా వాళ్లకి మైక్ సెట్టో ప్రొజెక్టరో న్యాయం చేస్తుంది.

కొట్టులో నిలబడి చూడాల్సినవి

మల్టీమీటరు జేబులో వేసుకుని వెళ్లండి. సెట్టు స్విచ్చి ఆన్ చేసి, గోడ ప్లగ్గులో పెట్టకుండా, ప్లగ్గు రెండు పిన్నులకీ ఒక్కోదానికీ ఛాసిస్‌కీ మధ్య ఓమ్‌లు చూడండి. ఏ పిన్నుకీ ఏమీ చూపించకూడదు. చూపిస్తే అది ఏసీ/డీసీ లేదా ఆటో ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు, లేదా లోపల ఇన్సులేషన్ పోయింది. ఏదైనా సరే, వదిలేయండి. రెండు పిన్నుల మధ్య పదుల ఓమ్‌లు చూపిస్తే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ బతికే ఉంది.

తర్వాత ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రైమరీ కొన్ని వందల ఓమ్‌లు చూపించాలి, స్పీకర్ వైపు ఒక ఓమ్ లోపు. ప్రైమరీ అసలేమీ చూపించకపోతే తీగ తెగింది. ఆ సెట్టు ధర సగానికి సగం తగ్గించి అడగొచ్చు, లేదా నమస్కారం పెట్టి రావచ్చు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కింద తారు కరిగి కారి గట్టిపడి ఉందేమో, కాలిన వాసన వస్తుందేమో చూడండి. అలా ఉంటే అది ఒకసారి బాగా వేడెక్కింది, మళ్లీ నమ్మలేం.

వాల్వు పైభాగంలో గాజు లోపల అద్దంలా మెరిసే పూత ఉంటుంది. వెండిలాగో, గోధుమ అంచుతోనో ఉంటే సరే. తెల్లగా సున్నం రాసినట్టు మారితే లోపలికి గాలి చేరింది, ఆ వాల్వు పోయింది. అమ్మేవాడు ఎంత చెప్పినా దానికి పైసా ఇవ్వక్కర్లేదు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని ఓమ్‌లదో కొట్టులో తెలియదు, ఇంటికొచ్చాక కొలవచ్చు. సెట్టులోంచి విడదీసి, చిన్న ఎలిమినేటర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ దాని ప్రైమరీకి ఇవ్వండి. స్పీకర్ వైపు ఎంత వస్తుందో చూడండి. 0.33 వోల్టులు వస్తే నిష్పత్తి 36. 36ని 36తో గుణించి స్పీకర్ 4 ఓమ్‌లతో గుణిస్తే 5184. అంటే దాదాపు 5.2 కిలో ఓమ్‌లు, ఇఎల్84కి అచ్చంగా కావాల్సింది. 7 కిలో ఓమ్‌లు వచ్చినా ఇబ్బంది లేదు.

ఏ దారి అయినా కొత్తవే వేయాల్సినవి

మైనం పూసిన కాగితపు కండెన్సర్లు ఒక్కటి కూడా ఉంచకండి. ముఖ్యంగా ఇఎల్84 గ్రిడ్‌కి వెళ్లేది. అది కాస్త లీకైనా గ్రిడ్ పాజిటివ్ అయిపోతుంది, వాల్వు లోపలి బూడిదరంగు ప్లేటు మధ్యలో ముందు మసక ఎరుపు, తర్వాత నారింజ రంగు తేలుతుంది. ఆ రంగు కనిపించిన క్షణం స్విచ్చి కట్టేయాలి, లేకపోతే వాల్వుతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. వాటి చోట 630 వోల్టుల పాలియెస్టర్ రకం వేయండి. ఫిల్టర్ కండెన్సర్లు 450 వోల్టులవి. ఇజెడ్80 (ఏసీని డీసీగా మార్చే వాల్వు) ఉంటే దాని తర్వాత మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్‌లు మించకూడదు.

రెండు వైర్ల పాత తాడు తీసేసి మూడు వైర్లది వేసి, ఎర్త్‌ని ఛాసిస్‌కి బోల్టుతో బిగించండి. ఫ్యూజు ఫేజు వైరులో ఉండాలి. ఇంట్లో మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కి వెళ్తోందో లేదో కూడా చూసుకోండి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఫిల్టర్ కండెన్సర్ మీద శాశ్వతంగా 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ పెడితే స్విచ్చి కట్టేశాక వోల్టేజీ దానంతటదే దిగుతుంది. అయినా చేయి పెట్టేముందు మీటరుతో చూడాలి.

రేడియో పాత కాగితపు స్పీకర్ గిటార్ దెబ్బకి ఎక్కువ కాలం నిలవదు. 8 లేదా 10 అంగుళాల గిటార్ స్పీకర్ ఒకటి కొనుక్కోండి. స్పీకర్ తగిలించకుండా యాంప్ ఎప్పుడూ ఆన్ చేయొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిసి చుట్టలు దెబ్బతింటాయి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సీరీస్ బోర్డు వాడండి. 60 లేదా 100 వాట్ల పాతరకం బల్బు వరుసలో ఉంటే లోపల షార్టున్నా బల్బు వెలుగుతుంది తప్ప ట్రాన్స్‌ఫార్మర్ కాలదు. స్విచ్చి వేయగానే బల్బు కాస్త వెలిగి మసకబారాలి. మసకబారకుండా పూర్తిగా వెలుగుతూనే ఉంటే ఆపి వెతకండి. ఆ పూట ఇంకొకరు పక్కన ఉండాలి, కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండాలి, ఒక చేయి జేబులో ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉంటే బోర్డు తీసేసి నేరుగా ఇచ్చి, ముందు హీటర్ వోల్టేజీ చూడండి. పల్లెల్లో రాత్రి పొద్దుపోయాక లైను 250 దాకా పోతుంది. రేడియో వెనక 220, 230, 250 అని ఎంపిక ఉంటే 250కే పెట్టండి. హీటర్ 6.3కి కాస్త అటూ ఇటూగా ఉంటే చాలు. తర్వాత ఇఎల్84 మూడో కాలు దగ్గరి కాథోడ్ రెసిస్టర్. పాత వాల్వు కదా, 220 ఓమ్‌లు పెట్టండి. దాని మీద 8.5 వోల్టులు చూపిస్తే వాల్వులో దాదాపు 39 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. ప్లేటు 250 వోల్టులైతే లెక్క పది వాట్ల లోపే వస్తుంది. ఇఎల్84 ప్లేటు హద్దు 12 వాట్లు. 12 వోల్టుల పైన చూపిస్తే కరెంటు హద్దు దాటింది, రెసిస్టర్‌ని 270కి పెంచి మళ్లీ కొలవండి. అరగంట అలా వదిలేసి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని తాకి చూడండి, స్విచ్చి కట్టేశాక. చేయి ఆనించి ఉంచగలిగేంత వేడే ఉంటే గిటార్ తగిలించుకోవచ్చు.